ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, ఊపిరే ఆడలేదు
(మొదటి సంవత్సరం మెడికల్, నర్సింగ్ విద్యార్థులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చెయ్యండి. నిండా గాలి పీల్చుకుని, మధ్యలో ఆగకుండా ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టండి. ఊఁ, చాలు. వెనక బెంచీలో ఎవరో నలభై దాటేశారు, కబడ్డీ కూత అలవాటున్నవాళ్లయి ఉంటారు. పేషెంట్ పదిహేను కూడా చెప్పలేకపోతే మాత్రం, ఊపిరి ఆడించే కండరాలు బలహీనపడ్డాయేమోనని మాకు టెన్షన్ మొదలవుతుంది. ఏ పరికరమూ అక్కర్లేకుండా, మంచం పక్కన నిలబడి చేసే పరీక్ష ఇది.

పోలియో అనగానే అందరికీ గుర్తొచ్చేది కాలు. సన్నబడిన కాలు, దానికి ఊతంగా కట్టే కాలిపర్, మూడు చక్రాల బండి. మా తరంలో ఊరికి ఒకరిద్దరైనా అలా కనిపించేవారు. వాళ్లంతా బతికి బయటపడ్డవాళ్లు. ఊపిరి ఆడించే కండరాలు పడిపోయిన పిల్లలు మన కంటికి ఆనలేదు, చాలామంది అప్పటికే పోయారు కాబట్టి.

ఈ వైరస్ నోటి ద్వారా వెళ్లి పేగుల్లో పెరుగుతుంది. ఎక్కువమందికి సోకిన సంగతే తెలియదు. సుమారు రెండు వందల మందిలో ఒకరికి అది వెన్నుపాములోకి ఎక్కి, కండరాలను కదిలించే నరకణాలను చంపేస్తుంది. స్పర్శ మాత్రం పోదు, అది గుర్తుంచుకోండి. పిల్లవాడికి గిల్లితే నొప్పి తెలుస్తుంది, కాలు మాత్రం లాక్కోలేడు. ఇక ఊపిరితిత్తులకు తమంతట తాము సాగే శక్తి లేదు. కింద ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే డయాఫ్రమ్ అనే కండరం, పక్కటెముకల మధ్య కండరాలు లాగితేనే గాలి లోపలికి వస్తుంది. డయాఫ్రమ్‌కి వెళ్లే నరం మెడ దగ్గర వెన్నుపాములో పుడుతుంది. వైరస్ అక్కడిదాకా పాకితే ఊపిరి ఆగిపోతుంది. ఇంకా పైకెక్కితే మింగడం కూడా పోతుంది. అప్పుడు సొంత ఉమ్మే శ్వాసనాళంలోకి జారి ప్రాణం తీస్తుంది.

1928లో అమెరికాలోని బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్ బృందం తయారుచేసిన ఐరన్ లంగ్‌ను మొదటిసారి ఒక పోలియో పేషెంట్‌కి వాడారు. తల బయట, ఒళ్లంతా ఇనుప పెట్టెలో. పెట్టెలోని గాలి లాగేస్తే ఛాతీ పైకి లేస్తుంది. చాలామందిని బతికించింది. కానీ మింగలేనివాళ్ల గొంతులో చేరిన ఉమ్మిని అది ఏం చేయగలదు?

ఇప్పుడు 1952, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్, బ్లెగ్‌డామ్ ఆసుపత్రి. ఆ వేసవిలో పోలియో విరుచుకుపడింది. ఆసుపత్రిలో ఉన్నది ఒక ఐరన్ లంగ్, ఛాతీకి తొడిగే చిన్న మెషిన్లు ఆరు. మొదటి మూడు వారాల్లో ఊపిరికి మెషిన్ అవసరమైన 31 మందిలో 27 మంది చనిపోయారు. రక్తంలో బైకార్బనేట్ అనే క్షార పదార్థం బాగా పెరిగి కనిపించేది, అదేదో అంతుపట్టని క్షారత్వమని డాక్టర్లు అనుకున్నారు. హెడ్ డాక్టర్ లాసెన్ చివరికి బ్యోర్న్ ఇబ్సెన్ అనే, ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే డాక్టర్ని పిలిపించారు. ఆయన రికార్డులు చూశాడు, పోస్ట్‌మార్టమ్‌లు చూశాడు. ఊపిరితిత్తులు అంతగా పాడవలేదు. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుపోతోంది, బైకార్బనేట్ పెరగడం దాని ఫలితమే అన్నాడు. ఆక్సిజన్ పెట్టడంతో ఒంటి రంగు బాగానే కనిపించి అందరినీ మోసం చేసింది.

ఆగస్టు 27న వీవీ ఎబర్ట్ అనే పన్నెండేళ్ల అమ్మాయి. కాళ్లూ చేతులూ పడిపోయాయి, ఉమ్ములో మునిగిపోతోంది. గొంతు కింద కోసి గొట్టం దించారు. అయినా గాలి పోవడం లేదు, పిల్ల గిలగిల్లాడుతోంది. ఇక లాభం లేదనుకుని చూడటానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇబ్సెన్ మత్తుమందు ఇచ్చి ఆమె సొంత పెనుగులాటను ఆపి, ఆ గొట్టానికి తగిలించిన రబ్బరు బ్యాగ్ నొక్కాడు. ఛాతీ లేచింది. ఆమె బతికింది, 1971 దాకా.

ఒక పిల్ల సరే, వార్డు నిండా ఉన్నవాళ్ల సంగతేంటి? అన్ని మెషిన్లు లేవు. మెడికల్ విద్యార్థులను పిలిచారు, సుమారు పదిహేను వందల మంది, ఇంచుమించు మీ వయసువాళ్లే. షిఫ్టుల వారీగా మంచం పక్కన కూర్చుని, పగలూ రాత్రీ చేత్తో బ్యాగ్ నొక్కారు. ఒక దశలో ఒకేసారి డెబ్బై మందికి. నూటికి ఎనభై పైన ఉన్న మరణాలు నలభైకి, ఆ తర్వాత ఇంకా కిందికి దిగాయి. మరుసటి ఏడాది ఇబ్సెన్ అదే ఊళ్లో పెట్టిన వార్డే ఇవాళ్టి ఐసీయూలకు మొదలని చెబుతారు. చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబు బ్యాగ్ కూడా డెన్మార్క్‌దే, 1956లో వచ్చింది.

మన దేశంలో చివరి వైల్డ్ పోలియో (సహజంగా వ్యాపించే వైరస్ వల్ల వచ్చే పోలియో) కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో. 2014 మార్చిలో పోలియో రహితమని సర్టిఫికెట్ వచ్చింది. పల్స్ పోలియో ఆదివారాల్లో ఎండనక వాననక తిరిగిన ఆశా వర్కర్లకు దక్కాల్సిన పేరు ఇంకా దక్కలేదనే అంటాను.

కాబట్టి మీరు పోలియో చూడకపోవచ్చు. కట్లపాము కాటు తప్పకుండా చూస్తారు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి. ఇక్కడా ఊపిరితిత్తులకు ఏమీ కాలేదు, కండరాలకు నరం నుంచి కబురు అందడం లేదు, అంతే. పామువిషానికి విరుగుడు ఇవ్వాల్సిందే, కానీ అప్పటికే పడిపోయిన కండరాన్ని అది వెంటనే లేపలేదు. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి ఏరియా ఆసుపత్రికి గంట ప్రయాణమైతే ఆ గంటంతా ఎవరో ఒకరు బ్యాగ్ నొక్కుతూనే ఉండాలి. మీ చెయ్యి నొప్పెడితే పక్కవాళ్లకు నేర్పి నొక్కించండి.

టేబుల్ మీద రెండు బొమ్మలు, రెండు ఆంబు బ్యాగులు ఉన్నాయి. ముందు వరస రండి. మాస్క్ అంచుల్లోంచి గాలి పోకుండా పట్టుకోండి, ఛాతీ లేస్తోందా లేదా చూడండి. మరీ గట్టిగా పిసికితే గాలి పొట్టలోకి పోతుంది, వాంతి అవుతుంది. ఐదారు సెకన్లకు ఒకసారి. ఊఁ, కానివ్వండి.