కొత్త క్లబ్బులో ప్రెసిడెంట్ మెడలో కాలర్ ఎవరు వేయాలి?

[తెర మీద: ఖాళీ వేదిక. వెనక ఇద్దరు కుర్రాళ్ళు ఫ్లెక్సీ కడుతున్నారు.]

అందరికీ నమస్కారం. మొన్న ఒక చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, మా ఊళ్ళో కొత్తగా ఇన్నర్ వీల్ క్లబ్బు పెడుతున్నాం, నన్నే ప్రెసిడెంట్ అన్నారు, ఆదివారం ఇన్‌స్టలేషన్, ఇంతకీ నా మెడలో కాలర్ ఎవరేస్తారు?" అంది. ఇన్నర్ వీల్ అంటే రోటరీ అనే సేవా క్లబ్బు సభ్యుల ఇళ్ళలోని ఆడవాళ్ళు మొదలుపెట్టిన సేవా సంస్థ, ఇన్‌స్టలేషన్ అంటే పదవుల ప్రమాణ స్వీకారం, కాలర్ అంటే ప్రెసిడెంట్ మెడలో వేసే పదవి గుర్తు పట్టీ. ముందు నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అడగాల్సిన ప్రశ్నే. పాత క్లబ్బులో అయితే దిగిపోయే ప్రెసిడెంట్ తన మెడలోంచి తీసి కొత్తావిడకి వేస్తుంది, ఫొటోగ్రాఫర్ "ఇంకోసారి మేడమ్" అంటాడు, అయిపోతుంది. కొత్త క్లబ్బులో దిగిపోయేవాళ్ళే లేరే!

అక్కడ కాలర్ వేసేది ప్రమాణం చేయించే ఇన్‌స్టలేషన్ ఆఫీసరే, అందుకే కొత్త క్లబ్బుకి ఆవిడ చాలా ముఖ్యం. మామూలుగా ఆ పని డిస్ట్రిక్ట్ చైర్మన్ చేస్తారు, లేదా ఒకప్పుడు ఆ పదవి చేసిన పెద్దావిడ ఎవరైనా వస్తారు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే కలెక్టర్ గారి జిల్లా అనుకోకండి, అది ఇన్నర్ వీల్ వాళ్ళ లెక్క. హైదరాబాద్ క్లబ్బులు డిస్ట్రిక్ట్ 315లోకి వస్తాయి, విశాఖ క్లబ్బులు 302లోకి. మీ ఊరు ఎందులోకి వస్తుందో కనుక్కుని, ఇన్‌స్టలేషన్ ఆఫీసర్ తేదీ ఖాయం చేసుకున్నాకే హాలు బుక్ చేయండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, హాలుకి అడ్వాన్సు ఇచ్చేసి తర్వాత ఆవిడకి ఫోన్ చేస్తే, ఆ రోజు ఆవిడ ఇంకెక్కడో ఉంటారు.

[తెర మీద: పాత నలుపు తెలుపు వీధి బొమ్మ. కింద అక్షరాలు: మాంచెస్టర్, 1923]

అసలు ఈ క్లబ్బు పుట్టుకే ఇలాంటి పరిస్థితిలో జరిగింది. 1923 నవంబర్ 15న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో 27 మంది ఆడవాళ్ళు ఒకచోట కూడారు. ఎక్కడనుకున్నారు? ఒక టర్కిష్ స్నానాల గృహంలో! వాళ్ళంతా రోటరీ సభ్యుల ఇళ్ళలోని ఆడవాళ్ళు. వాళ్ళని పోగుచేసింది మార్గరెట్ గోల్డింగ్, నర్సుగా శిక్షణ పొందిన మనిషి, వ్యాపారం కూడా నడిపింది. 1924 జనవరి 10న క్లబ్బుకి ఇన్నర్ వీల్ అని పేరు పెట్టారు, ఆవిడే మొదటి ప్రెసిడెంట్. అంతకుముందు ప్రెసిడెంట్ అంటూ ఆవిడకీ ఎవరూ లేరు కదా! ఇవాళ్టికీ జనవరి 10ని ఇన్నర్ వీల్ డే అని జరుపుకుంటారు. రోటరీ అప్పట్లో ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకునేది కాదు, ఆ తలుపు తెరుచుకోవడానికి 1980ల చివరిదాకా పట్టింది. లయన్స్ కూడా అంతే, 1987లో గానీ ఒప్పుకోలేదు. మొదట్లో ఇన్నర్ వీల్‌లో చేరాలంటే ఇంట్లో రోటరీ సభ్యుడు ఉండాల్సిందే, ఇప్పుడు ఆ నియమం సడలింది, స్నేహితురాళ్ళని కూడా చేర్చుకోవచ్చు.

[తెర మీద: బల్ల మీద కాలర్, పిన్నుల డబ్బా, గంట, చిన్న కొయ్య సుత్తి]

సరే, కార్యక్రమంలోకి వద్దాం. వేదిక మీద కావాల్సినవి ఇవి: కాలర్, ఆఫీసర్ల పిన్నులు, గంట, సుత్తి, చార్టర్ అంటే క్లబ్బు గుర్తింపు పత్రం, మినిట్స్ బుక్ అంటే సభ నిర్ణయాలు రాసే పుస్తకం. అన్నీ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఒక్క మనిషికే అప్పజెప్పండి. నేను సెక్రటరీగా ఉన్న ఏడాది కాలర్ డబ్బా ఒకరింట్లో, పిన్నులు ఇంకొకరి హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయాయి. ఆ రెండోవిడ బ్యూటీ పార్లర్‌లో ఉన్నారు, ఫోన్ సైలెంట్‌లో పెట్టారు. నలభై నిమిషాలు ముఖ్య అతిథికి కాఫీ మీద కాఫీ ఇస్తూ కూర్చున్నాం. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

వరస మామూలే. గంట కొట్టి సభ మొదలు, ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, స్వాగతం. దీపం దగ్గర మాత్రం ఒక మాట. వత్తులు ముందే నూనెలో బాగా తడిపి ఉంచండి, పైన ఫ్యాన్ కట్టేయించండి, అగ్గిపెట్టె బదులు కొవ్వొత్తి పెట్టుకోండి. ఐదుగురు పట్టుచీరల్లో వంగి నిలబడి, ఆరో అగ్గిపుల్ల కూడా ఆరిపోతుంటే వీడియోలో ఎలా ఉంటుందో చూశాను, మా క్లబ్బుదే.

తర్వాత చార్టర్ అందజేయడం. కొత్త క్లబ్బుకి అసలు ఘట్టం ఇదే, పాత క్లబ్బుల ఇన్‌స్టలేషన్‌లో ఇది ఉండదు. చార్టర్ చేతికొచ్చాకే మీరు క్లబ్బు, అప్పటిదాకా పదిమంది స్నేహితురాళ్ళు. కాబట్టి ప్రమాణం ముందు, చార్టర్ తర్వాత అని ఎవరైనా కార్యక్రమ పత్రంలో వేస్తే సరిచేయించండి. చార్టర్ మీద క్లబ్బు పేరు, ఊరి పేరు అక్షరం అక్షరం ముందురోజే చూసుకోండి.

[తెర మీద: ఆఫీసర్లు వరసగా నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాచి]

ఇక ప్రమాణం. ఇన్‌స్టలేషన్ ఆఫీసర్ ఒక్కొక్కరిని పిలిచి, ఆ పదవి పని ఏంటో చెప్పి, ప్రమాణం చేయిస్తారు. ఆవిడ "నేను, మీ పేరు" అంటే మీరు మీ పేరు చెప్పాలి. మరీ చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్తున్నాననుకోకండి, కంగారులో "నేను, మీ పేరు" అని గట్టిగా అనేసిన ట్రెజరర్ని చూశాను, హాలంతా గొల్లుమంది. తెలుగులో చదవమని అడగండి, ఇంగ్లీషు కాగితం తడుముకుంటూ చదివే బదులు అర్థమయ్యే మాటల్లో చేస్తే సభ్యులకీ తెలుస్తుంది మీరు దేనికి ఒప్పుకున్నారో.

సెక్రటరీ పనంటే మినిట్స్, ఉత్తరాలు, డిస్ట్రిక్ట్‌కి రిపోర్టులు. ఐఎస్‌ఓ, అంటే ఇంటర్నేషనల్ సర్వీస్ ఆర్గనైజర్, అని ఒక పదవి ఉంటుంది, చాలామంది అలంకారానికి ఇచ్చారనుకుంటారు, కానీ వేరే దేశాల క్లబ్బులతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఆవిడవే. స్నేహం, సేవ, దేశాల మధ్య అవగాహన అనే మూడూ ఇన్నర్ వీల్ ఆశయాలు, మూడోది ఐఎస్‌ఓ మీదే నడుస్తుంది. ట్రెజరర్ దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. కొత్త క్లబ్బు అనగానే అమెరికాలో ఉన్న మరిదో, పిన్ని కొడుకో "వదినా, డబ్బు పంపిస్తాం" అంటారు. వాళ్ళు అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా క్లబ్బు ఖాతాలో వేయించుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది వేరే సంగతి. మొహమాటపడకుండా ముందే అడగండి.

శాలువాల దగ్గర పొదుపు చేయండి, ఇది నా అభిప్రాయం. ఒకే సభలో పద్దెనిమిది శాలువాలు లెక్కపెట్టాను, కుట్టుమిషను తీసుకోవడానికి వచ్చినావిడ మాత్రం చివరి వరసలో రెండు గంటలు కూర్చుంది, ఆవిడ వంతు వచ్చేసరికి సగం హాలు భోజనాల దగ్గరుంది. సేవా కార్యక్రమాన్ని ప్రమాణం అయిన వెంటనే పెట్టండి, ఉపన్యాసాలు తర్వాత.

[తెర మీద: క్యాలెండర్, జూన్ 30 మీద ఎర్ర గుండ్రం]

ఇంకో సంగతి. ఇన్నర్ వీల్ ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. మీ క్లబ్బు ఫిబ్రవరిలో పుడితే చార్టర్ ప్రెసిడెంట్‌కి, అంటే మొదటి ప్రెసిడెంట్‌కి, దక్కేది ఐదు నెలలే. తర్వాత ఏడాదీ అదే టీమా, మారుతుందా అన్నది డిస్ట్రిక్ట్ వాళ్ళని ఇప్పుడే అడిగి మినిట్స్‌లో రాసిపెట్టుకోండి, లేకపోతే మే నెలలో అలకలు మొదలవుతాయి.

వందన సమర్పణ, జాతీయ గీతం అయ్యాక భోజనాలకి పరిగెత్తకండి. ఐదు నిమిషాలు కమిటీని పక్కకి పిలిచి, బ్యాంకు ఖాతా ఎవరెవరి సంతకాలతో నడవాలో తీర్మానం రాసి సంతకాలు పెట్టించండి, మళ్ళీ అందర్నీ ఒకచోట చేర్చడం మీ వల్ల కాదు. కొన్ని బ్యాంకులు సొసైటీ రిజిస్ట్రేషన్ అడుగుతాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల చట్టం కింద చేయించుకోవచ్చు, కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే చాలు. సోమవారం పొద్దున సంతకం పెట్టాల్సిన వాళ్ళంతా కలిసే వెళ్ళండి, ఆధార్, పాన్, తీర్మానం, చార్టర్ నకలు పట్టుకుని. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు ఎక్కువే పెట్టుకోండి, ఇంకోటి ఉందా మేడమ్ అని కౌంటర్లో అడిగి తీరతారు.