ట్రాన్స్‌ఫార్మర్ కోర్: వలయం, ఈ-ఐ రేకులు, మెట్ల కోర్

సభకు నమస్కారం. 1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను గమనించిన పరికరం ఒక ఇనుప వలయం, దాని మీద రెండు తీగచుట్లు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కు, అంటే తీగచుట్ల గుండా అయస్కాంత అభివాహాన్ని (ఫ్లక్స్‌ను) నడిపించే ఇనుప భాగానికి, అభివాహం దృష్టితో చూస్తే అంతకన్నా అనువైన ఆకారం ఇప్పటికీ కనిపించదు. అతుకు లేదు, గాలి సందు లేదు, అభివాహం బయటికి చెదరడమూ బాగా తక్కువే. గురగుర వినిపించకూడని ఆంప్లిఫయర్లలో టొరాయిడ్, అంటే వలయాకారపు కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, వాడేది అందుకే. అయితే దాన్ని చాసిస్‌కు బిగించే నడిమి బోల్టు పైకొన డబ్బా మూతకు కూడా తగిలిందంటే, బోల్టూ డబ్బా కలిసి షార్టయిన ఒక చుట్టుగా మారి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. విద్యార్థి దశలో నేను ఒకటి అలాగే కాల్చాను.

అసలు చిక్కు తీగ చుట్టడంలో ఉంది. వలయానికి వెయ్యి చుట్లు కావాలంటే వెయ్యిసార్లు తీగను రంధ్రంలోంచి లాగాలి. ఇంగ్లిషు E, I అక్షరాల ఆకారంలో కోసిన ఈ-ఐ రేకులకైతే తీగను బాబిన్ అనే బోలు చట్రం మీద విడిగా చుట్టుకొని, అతుకులన్నీ ఒకే చోట పడకుండా రేకులను ఒకటి ఇటునుంచి, ఒకటి అటునుంచి దూర్చితే చాలు. మధ్య కాలి అభివాహం రెండుగా చీలుతుంది కాబట్టి పక్క కాళ్లకు సగం వెడల్పు సరిపోతుంది. మధ్య కాలు 20 మిల్లీమీటర్లయితే పక్క కాళ్లూ, ఖాళీలూ 10 చొప్పున, ఖాళీ పొడవు 30, మొత్తం రేకు వెడల్పు 60. రెండు ‘ఈ’ (E) రేకులను కాళ్లు ఎదురెదురుగా ఉంచి కోస్తే ఖాళీలలోంచి ఊడిపడే 60 పొడవు, 10 వెడల్పు ముక్కలు రెండూ రెండు ఐ రేకులవుతాయి! ఇనుము వృథా కాని ఈ లెక్క నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

పొలం గట్టున ఉండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లెక్క మారుతుంది. లైను షార్టయినప్పుడు వైండింగును (తీగచుట్టను) విదిలించే బలాలను తట్టుకోవడంలో గుండ్రని చుట్టే మేలు. కానీ గుండ్రని చుట్టులో చదరపు కోర్ పెడితే వృత్త వైశాల్యంలో 64 శాతమే నిండుతుంది. రెండు వెడల్పుల రేకులతో రెండు మెట్లుగా, శిలువ ఆకారంలో పేరిస్తే అది 79 శాతానికి చేరుతుంది. మెట్లు పెంచేకొద్దీ ఇంకా నిండుతుంది గానీ, కోయవలసిన రేకు సైజులూ పెరుగుతాయి. సుమారు 0.025 మిల్లీమీటర్ల మందం ఉండే అమార్ఫస్ రిబ్బన్‌ను, అంటే స్ఫటిక నిర్మాణం లేని లోహపు పట్టీని, అలా పేర్చడం ఆచరణలో కష్టం కనుక దాన్ని చుట్టి కోర్ చేస్తారు. అందులో కోర్ కోత సాధారణంగా దీర్ఘచతురస్రంగానే ఉంటుంది, వైండింగూ అదే ఆకారం తీసుకుంటుంది, దాంతో షార్ట్ సర్క్యూట్ బలాలకు ఉబ్బకుండా దానికి గట్టి ఆధారాలు కట్టవలసి వస్తుంది.