రంగు చూడకుండా నెట్‌వర్క్ కేబుల్: నా క్రింపింగ్ కిట్ రివ్యూ

నమస్కారం. తిరుపతి కొర్లగుంట నుంచి మాట్లాడుతున్నాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. నా ముందు బల్ల మీద కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే క్యాట్ 5ఈ రకం కేబుల్ చుట్ట, పాస్ త్రూ ప్లగ్గుల పొట్లం, ప్లగ్గును కేబుల్ కొసకు నొక్కి బిగించే క్రింపింగ్ టూల్, లైట్ల టెస్టర్, బీప్ వచ్చే మల్టీమీటర్ ఉన్నాయి. చూపు లేని మిత్రులారా, నా వేలు దేని మీద ఉందో చెబుతూ వెళతాను. చూపు ఉన్నవాళ్లు నా వేళ్లను గమనించండి.

ఇవి కొనడానికి వెళ్లినప్పుడు దుకాణంలో ఆయన, "ఎనిమిది తీగలూ ఎనిమిది రంగులు కదా సార్, మీరెలా చేస్తారు?" అని మర్యాదగానే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వీడియో చేస్తున్నాను.

కేబుల్ పైతొడుగు రెండు అంగుళాలు ఒలిచాను. లోపల నాలుగు జతలు ఉన్నాయి. ఒక్కో జతలో రెండు తీగలు ఒకదానికొకటి పురి తిప్పి ఉంటాయి. నాలుగు జతలకూ ఒకే పురి ఉంటే ఒక జతలోని సిగ్నల్ పక్క జతలోకి చొరబడుతుంది. అందుకే తయారుచేసేవాళ్లు ఒక్కో జతకు ఒక్కో బిగువున పురి పెడతారు. కార్తీకంలో అమ్మ పక్కన కూర్చుని 365 వత్తుల కట్టలు చేసిన వేళ్లు నావి. పురి బిగిసిందో సడలిందో వాటికి ఎవరూ చెప్పనక్కరలేదు. బొటనవేలి గోటితో జత వెంబడి నెమ్మదిగా గీస్తే మెలికలు లెక్కకు వస్తాయి. ఏ రంగుకు ఎంత బిగువు అన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి కొత్త చుట్ట తెచ్చిన రోజున చెల్లెలిని ఒక్కసారి అడుగుతాను. "నారింజ ఇది, ఆకుపచ్చ ఇది" అని ఆమె నా చేతిలో పెడుతుంది. ఆ చుట్ట అయిపోయేదాకా మళ్లీ అడగను.

అప్పుడు కూడా ఒక జతలో చారల తీగ ఏదో, నిండు రంగు తీగ ఏదో వేలికి తెలియదు. ఫోనులో రంగు చెప్పే యాప్‌తో ప్రయత్నించాను. తీగ మరీ సన్నం కావడంతో అది నా వేలి రంగు చెప్పింది. అయినా ఫరవాలేదు. మొదటి కొసలో ఏదో ఒకటి ముందు పెడతాను, రెండో కొసలో అదే తీగ ముందుండేలా మల్టీమీటర్‌తో సరిచూస్తాను. ఒక మొన మొదటి ప్లగ్గు లోహపు పంటి మీద, రెండో మొన రెండో కొసలో తెగిన రాగి మీద ఆనించాలి. (వినండి, బీప్.) ఇదే ఆ తీగ. చారల తీగ, నిండు తీగ రెండు కొసల్లోనూ ఒకేలా తారుమారైతే సిగ్నల్‌కు తేడా లేదు. గోడలో బిగించే జాక్ విషయం వేరు. దాన్ని రేపు ఇంకొకరు విప్పి రంగులు చూస్తారు, అందుకని అక్కడ మాత్రం చెల్లెలి సాయం తీసుకుంటాను.

జతలను ఎక్కడ పెట్టాలన్నది మాత్రం చాలా ముఖ్యం. ప్లగ్గు గొళ్లెం కిందికి, పళ్లు పైకి, కేబుల్ వచ్చే రంధ్రం మన వైపుకు పెడితే ఎడమ చివరది 1. ఒక జత 1, 2లో ఉండాలి. ఒకటి 4, 5లో. ఒకటి 7, 8లో. మిగిలిన జత 3, 6లో, అంటే మధ్య జతకు రెండు వైపులా చీలి కూర్చోవాలి. నా మొదటి కేబుల్‌లో ఇది తెలియక జతలను 1-2, 3-4, 5-6, 7-8 అని వరసగా పెట్టేశాను. ఎనిమిదింటికీ బీప్ వచ్చింది. సంతోషంగా మేడ మీదికి లాగాను. తీరా చూస్తే ఫైళ్లు నత్తనడక నడిచాయి, మాటిమాటికీ లైను తెగింది. తీగ తెగలేదని మాత్రమే బీప్ చెబుతుంది, జతలు తప్పు స్థానాల్లో కూర్చున్న సంగతి చెప్పదు. ఆ రెండు రోజులు తప్పు ఎక్కడుందో తెలియక పడిన బాధ మీకు రాకూడదు.

ఇక ప్లగ్గులు. మామూలు ప్లగ్గులో తీగలు లోపలే ఆగిపోతాయి, లోపల ఒకటి పక్కకు జారినా చేతికి తెలియదు. పాస్ త్రూ ప్లగ్గులో తీగల కొసలు ముందు నుంచి బయటికి వస్తాయి. ఇదిగో, వేలితో లెక్కపెడుతున్నాను, ఎనిమిదీ ఉన్నాయి. ఒక్కొక్కటి మెల్లగా లాగితే అది ఏ జతలోదో వెనక పురి దగ్గర కదలిక చెబుతుంది. తీగలను ఎంత పొడవు వదిలినా ముందుకు లాగేయవచ్చు. అందువల్ల పురి విప్పిన భాగం అర అంగుళం దాటదు. చూపు లేనివాళ్లు కొనవలసింది ఇవే, నాకు సందేహం లేదు.

వీటికి తగిన టూల్ వేరేగా ఉంటుంది, బయటికి వచ్చిన కొసలను నరికే బ్లేడు అందులో ఉండాలి. నాది రాచెట్ రకం, పూర్తిగా నొక్కేదాకా పిడి వెనక్కి రాదు. (టిక్, టిక్, టిక్... వదిలింది.) సరిగ్గా నొక్కానా లేదా అన్న అనుమానానికి తావు లేదు. బ్లేడు మొండిబారితే మాత్రం రాగి కొసలు పొడుచుకొచ్చి పక్క తీగను తాకవచ్చు. అందుకే నరికాక ప్లగ్గు ముందు భాగాన్ని గోటితో తడుముతాను, పక్కపక్క పళ్ల మధ్య ఏడు చోట్ల మీటర్ పెడతాను. అక్కడ బీప్ రాకూడదు.

లైట్ల టెస్టర్ నన్ను బాధపెట్టింది. "ఎనిమిదీ వెలిగితే బాగున్నట్టే సార్" అని ఇచ్చారు. వెలుతురును శబ్దంగా మార్చే యాప్ ఫోనులో ఉన్నా, వెలిగింది మూడో లైటా, ఆరో లైటా అన్నది దానితో తేలదు. లోపల ఒక చిన్న బజర్ పెట్టి, అంకెకు ఒక స్వరం ఇస్తే సరిపోయేది. తయారుచేసేవాళ్లు ఎవరైనా ఇది వింటుంటే, దయచేసి ఆలోచించండి.

కేబుల్ గురించి ఒక్క మాట. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు చవకగా అమ్ముతారు. నాలుగైదు సార్లు వంచితే పుటుక్కున విరుగుతాయి. కొనేముందు ఒక ముక్క అడిగి వంచి చూడండి.

ఇప్పుడు నేను చేసిన కేబుల్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తున్నాను. నాలుగు జతలూ పనిచేస్తేనే వేగం 1000 ఎంబీపీఎస్ (సెకనుకు 1000 మెగాబిట్లు) వస్తుంది, రెండే పనిచేస్తే 100 దగ్గర ఆగిపోతుంది. లింక్ వేగం ఉన్న వరస మీదికి వెళ్లాను. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఏమంటుందో మీరే వినండి.

"1000 బై 1000 ఎంబీపీఎస్."