ఆముదం కాగితాలతో మాల్టాలో శాండ్‌ఫ్లైల వేట

మైకు వస్తోందా? ఆ, వస్తోంది. నమస్కారం అందరికీ. ఇదిగో ఈ గోడ చూడండి. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చేశారు, అంతే. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో, పక్కనున్న గోజో దీవిలో, పొలాల చుట్టూ ఇవే గోడలు. మనకి కావల్సింది శాండ్‌ఫ్లైలు దాక్కునే ఈ రాళ్ళ సందులే.

శాండ్‌ఫ్లై అంటే రక్తం తాగే చిన్న ఈగ. పేరు వినగానే బీచ్‌లో ఉంటుందనుకుంటారు. కాదండీ, రంగు ఇసుక రంగు, అందుకా పేరు. ఒళ్ళంతా నూగు. స్క్రీన్ మీద పెద్దగా కనిపిస్తోంది గానీ నిజానికి రెండు మూడు మిల్లీమీటర్లే. వాలినప్పుడు రెక్కలు పైకి, వి అక్షరంలా పెడుతుంది చూడండి, ఇదిగో. చప్పుడు చెయ్యదు. మామూలు దోమతెరలోంచి దూరిపోతుంది. గుడ్లు నీళ్ళలో పెట్టదు, తేమ ఉన్న మట్టిలో పెడుతుంది. కాబట్టి నీళ్ళ తొట్లు వెతక్కండి.

మనవాళ్ళకి ఇది మరీ కొత్త పురుగేం కాదు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో చండీపురా వైరస్‌తో 183 మంది పిల్లలు పోయారు, అప్పుడు అనుమానం శాండ్‌ఫ్లైల మీదికే వెళ్ళింది. ఇక్కడి బాధ వేరు, లీష్మేనియా అనే పరాన్నజీవి తెచ్చే జబ్బు. ఎక్కువగా కుక్కలకి, అప్పుడప్పుడు మనుషులకి. దాన్ని మోసేది ఫ్లెబోటమస్ పెర్నిసియోసస్ అనే రకం శాండ్‌ఫ్లై. 1911లో న్యూస్టెడ్ అనే కీటక శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టింది ఈ దీవుల్లో దొరికిన ఈగల్ని చూసే.

సరే, పనిలోకి. ఏ4 కాగితం, బ్రష్, ఆముదం. అవును, మన ఆముదమే. ఎందుకు ఆముదమే అంటే, మిగతా వంటనూనెలు ఆల్కహాల్‌లో సరిగ్గా కరగవు, ఇది కరిగిపోతుంది. ఈగని ఆల్కహాల్‌లో వేస్తే జిడ్డంతా పోయి శుభ్రంగా వస్తుంది. రెండు వైపులా పల్చగా పూయండి. ఇలా. కారేంత పూయకండి. చుట్టండి, సందులో దూర్చండి, అయిపోయింది. ఈగలు వచ్చి ఆ జిడ్డుకి అతుక్కుంటాయి. లెక్క కోసం ఒకటి గుర్తుపెట్టుకోండి: రెండు వైపులా కలిపి ఎనిమిది ఏ4లు ఇంచుమించు ఒక చదరపు మీటరు. చదరపు మీటరుకి ఎన్ని ఈగలు అని రాస్తాం కదా, ఎనిమిదేసి చొప్పున పెడితే కాలిక్యులేటర్ అక్కర్లేదు.

లైట్ ట్రాప్ కూడా పెడతాం. బల్బు, ఫ్యాను, 6 వోల్టుల బ్యాటరీ, కింద సంచి. సంచి వల మాత్రం బాగా సన్నంది ఉండాలి. పొద్దుగూకక ముందు తగిలించడం, తెల్లారాక దించడం. దించేటప్పుడు ముందు సంచి మూతి కట్టి, తర్వాత ఫ్యాను ఆపాలి. ముందే ఆపితే ఈగలు వచ్చిన దారినే వెళ్ళిపోతాయి.

ట్యూబులో వేసే చీటీ పెన్సిల్‌తో రాయండి. ఖరీదైన పెన్నులన్నీ వాడి చూశాను, ఆల్కహాల్‌లో సిరా పోతుంది. పెన్సిల్, అంతే.

ఇప్పుడు ల్యాబ్. పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టడం, కడగడం... ఇదంతా వేగం పెంచేశాను, చూస్తే తెలిసిపోతుంది. నానబెట్టే ముందే మొండెం ముక్క ఒకటి కోసి ఆల్కహాల్‌లో దాచాను, డీఎన్‌ఏ కోసం. తల, తోక మాత్రమే స్లైడు మీదికి.

మగదైతే సులువు. తోక చివర కొక్కేల్లాంటివి పెద్దవి ఉంటాయి. వాటి మధ్య ఈ సన్నటి ముల్లు, కొస పాము నాలుకలా రెండుగా చీలింది, కనిపిస్తోందా? ఇది పెర్నిసియోసస్ మగది.

ఆడదాని దగ్గరే నేను పడ్డాను. ఇక్కడ కాస్త ఆగుదాం. ఆడదానికి లోపల వీర్యపు సంచులు, తలలో గొంతు పళ్ళు చూడాలి. తలని మొండెం నుంచి తెంపి వెల్లకిలా పెట్టాలి, అంటే గడ్డం పైకి. నేను మొదట్లో తల పెట్టి, అతికించే ద్రవం బొట్టు వేసి, వెంటనే కవర్ స్లిప్, అంటే పైన మూసే పల్చటి గాజు, మూసేసేవాణ్ణి. మూయగానే బొట్టు కదిలి తల పక్కకి దొర్లేది. పక్కకి తిరిగితే గొంతు అంచు మాత్రమే కనబడుతుంది, పళ్ళు కనబడవు. అలా నలభై స్లైడ్లు, ఒక వేసవి మొత్తం, పనికిరాకుండా పోయాయి. ఇప్పుడేం చేస్తానంటే, ముందు చాలా చిన్న బొట్టు. అందులో తలని సూదితో వెల్లకిలా తిప్పి, వదిలేస్తాను. టీ తాగి వస్తాను. బొట్టు చిక్కబడి తల అతుక్కుంటుంది. అప్పుడు రెండో బొట్టు, కవర్ స్లిప్‌ని ఒక అంచు నుంచి నెమ్మదిగా... ఇలా... చూశారా, కదల్లేదు. మళ్ళీ చూపిస్తాను. చిన్న బొట్టు, తిప్పు, ఆగు, పెద్ద బొట్టు, మూత.

లెన్సు పెంచుదాం. నోటి లోపల దువ్వెన పళ్ళలా వరస కనిపిస్తోంది కదా? ఇది సెర్జెంటోమియా మినూటా, బల్లుల రక్తం తాగేది. మన కుక్కల కథతో దీనికి పనిలేదు, వేరే పెట్టెలో పెడుతున్నాను. ట్యూబు నంబరు రాసుకోండి, పెన్సిల్‌తోనే. తర్వాతది తెస్తున్నాను.