గిన్నె ఎందుకు పగిలిందో చెప్పండి

అందరికీ నమస్కారం. పెద్దలకు, తోటి విద్యార్థులకు, నిన్న రాత్రి ఈ గిన్నెలన్నీ ఒక్కటీ పగలకుండా సర్దిన ఇద్దరు తమ్ముళ్లకు నమస్కారం. నాకిచ్చిన విషయం రాకు, అంటే జపాన్‌లో పుట్టిన ఒక మట్టిపాత్రల పద్ధతి, దాని చరిత్ర. అది తొందరగా చెప్పేస్తాను, నా మనసులో ఇంకో మాట ఉంది.

16వ శతాబ్దంలో జపాన్‌లోని క్యోటోలో చోజిరో అనే ఆయన, టీ వేడుకల గురువు సెన్ నో రిక్యూ కోసం చక్రం లేకుండా చేత్తోనే టీ గిన్నెలు మలిచాడు. రాకు అంటే హాయి. ఆ వంశం ఇప్పటికీ అదే పేరుతో అదే పని చేస్తోంది. మనం నేర్చుకునే పద్ధతి వేరు. కిల్న్‌లోంచి, అంటే పాత్రలు కాల్చే కొలిమిలోంచి, ఎర్రగా కాలుతున్న గిన్నెను పట్టకారుతో తీసి, రంపపు పొట్టులో పెట్టి మూత వేయడం 1960 ప్రాంతంలో అమెరికాలో పాల్ సోల్డ్నర్ వల్ల వ్యాపించింది.

ఇక నా గిన్నె సంగతి. మొదటి గిన్నె కోసం నెల రోజులు కష్టపడ్డాను. పొద్దున గ్లేజ్, అంటే కాలితే గాజులా మారే పూత, పూశాను, తడి ఇంకా ఆరలేదు. మొదటి విడత దించగానే మా శిక్షకుడు ఆ వేడి కిల్న్‌లోనే నా గిన్నె పెట్టేశారు. సాయంత్రం లోపు అందరివీ అయిపోవాలని ఆయన తొందర. లోపల టప్‌మని చప్పుడు. మూత తీస్తే అడుగు ఒకవైపు, అంచు ఒకవైపు. ఆ పెంకులు ఎగిరి పక్కన అమ్మాయి గిన్నె గ్లేజ్‌కి కూడా అంటుకున్నాయి. “కొత్తవాళ్ల చేయి కదా, మట్టి సరిగ్గా పిసకలేదు” అని ఆయన అందరి ముందు అన్నారు. ఆ అమ్మాయి నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

రెండేళ్లు ఆ మాటే నమ్మాను. మట్టిని చేతులు నొప్పిపుట్టేలా పిసికాను. తర్వాత ఇంకొకరి దగ్గర నేర్చుకుంటుంటే ఆవిడ గ్లేజ్ పూసిన గిన్నెలను వేడి కిల్న్ మూత మీద పెట్టి, చాలాసేపు వెచ్చబెట్టింది. ఎందుకని అడిగాను. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది, బయటికి పోయే వ్యవధి ఇవ్వకపోతే గిన్నెను చీల్చుకుని పోతుంది అంది. అంతే! ఒక్క వాక్యం. రెండేళ్ల నా దిగులు ఆ ఒక్క వాక్యంతో పోయింది.

మా ఊళ్లో కుమ్మరి తాత ఆవం పేర్చిన రోజు పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. పచ్చి కుండ తెచ్చి చెంపకు ఆనించి, “చల్లగా ఉందిరా, ఇంకా తడి ఉంది” అని పక్కన పెట్టేవాడు. మాకు కూడా ఆనించి చూపించేవాడు. ఆవం మూసేసి పొగ లోపలే మగ్గనిస్తే కుండ నల్లబడుతుందని కూడా ఆయనే చెప్పాడు. రాకులో పొట్టు పొగ చేసే పని చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు. అన్నీ తెలిసిన పట్నంలో ఆ చెంప పాఠం నాకెందుకు గుర్తు రాలేదో!

రాగి గ్లేజ్ గురించి కూడా చెప్పాలి. మూత వేశాక గాలి అందక రాగి మెరుపు వస్తుంది. గిన్నె ఇంకా వేడిగా ఉండగా ఆత్రంగా మూత తీస్తే గాలి తగిలి పచ్చబడుతుంది. కొత్తవాళ్లు అది తమ తప్పని ఏడుస్తారు. అమ్మా, అది గాలి పని.

ఇక్కడ నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చేతులెత్తి అడుగుతున్నాను. గిన్నె పగిలితే ముందు ఆ పెంకు చేతిలోకి తీసుకోండి. తడా, మట్టిలో సరిపడా గ్రాగ్, అంటే కాల్చి నలగ్గొట్టిన మట్టి రవ్వ, లేదా, అడుగు మరీ మందంగా ఉందా, విద్యార్థితో కలిసి చూడండి. రాకుకి ఉష్ణోగ్రత సుమారు 1,000 డిగ్రీలు. ఎరుపు మీదున్న గిన్నెను ఒక్కసారిగా గాల్లోకి తెస్తాం. ఏ మట్టికైనా అది పరీక్షే. నేర్చుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీరూ అడగండి. సమాధానం రాకపోతే మళ్లీ అడగండి.

నా మొదటి గిన్నె పెంకులు ఆ చివరి బల్ల మీద పెట్టాను. ముట్టుకోవద్దు అని చీటీ పెట్టలేదు. చేతిలోకి తీసుకుని చూడండి.