సీజ్ అయిన బండి, తీరని లోన్: కొనేముందు చూడవలసిన కాగితాలు

నమస్కారం. సీజ్ అయి యార్డులో పడి ఉన్న బండి, దాని మీద ఇంకా తీరని లోన్: ఈ రెండూ కలిసిన బేరాన్ని చట్టపరంగా తూచి చూడడమే ఈ వీడియో ఉద్దేశం. ఇంజన్, టైర్లు, మైలేజీ జోలికి నేను వెళ్లడం లేదు. అవి మెకానిక్ చూసి చెప్పగలిగినవి. కాగితాల్లోని లోపం మాత్రం బండి ఇంటికి వచ్చిన చాలా రోజులకు గానీ బయటపడదు.

బండి ఎవరి ఆధీనంలో ఉందన్నది ఒక ప్రశ్న, దానిని అమ్మే హక్కు ఎవరికి ఉందన్నది మరొక ప్రశ్న. యార్డువారికి టోయింగ్ ఖర్చు, రోజురోజుకూ పెరిగే నిలవ రుసుము వసూలయ్యేదాకా బండిని పట్టి ఉంచే హక్కు ఉంటుంది. అప్పిచ్చిన బ్యాంకుకు బాకీ తీరేదాకా తాకట్టు ఉంటుంది. ఈ రెండూ పోగా మిగిలేదే యజమానిది. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరన్నది పాత న్యాయసూత్రం కాబట్టి, యజమాని దగ్గర కొన్నవారికి సాధారణంగా దక్కేది కూడా ఆ మిగులే.

దేశాన్ని బట్టి ఈ సూత్రానికి పదును పెరుగుతుంది, తగ్గుతుంది. అమెరికాలో వ్యాపార లావాదేవీల నియమావళి అయిన యూనిఫాం కమర్షియల్ కోడ్ తొమ్మిదవ ఆర్టికల్ ప్రకారం, తాకట్టు లేకుండా అమ్మడానికి రుణదాత ఒప్పుకుంటే తప్ప, బండి చేతులు మారినా తాకట్టు దాని వెంటే వెళుతుంది. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే లోన్ కోసం పెట్టిన తాకట్టు, నమోదై ఉన్నంతకాలం ఫైనాన్స్ ఇచ్చినవారి రాతపూర్వక సమ్మతి లేకుండా కొన్నవారి పేరు ఎక్కదు. బ్రిటన్‌లో 1964 నాటి హైర్ పర్చేజ్ చట్టం కొనుగోలుదారుకు కొంత అండగా నిలుస్తుంది: అది హైర్ పర్చేజ్ బండి, అంటే కిస్తీలన్నీ తీరేదాకా ఫైనాన్స్ కంపెనీదే అయిన బండి అని తెలియక, మంచి నమ్మకంతో కొన్న సామాన్యుడికి హక్కు దక్కవచ్చు. బండ్ల వ్యాపారికి గానీ, అప్పు సంగతి తెలిసే కొన్నవారికి గానీ ఆ రక్షణ లేదు. యార్డులో ఉన్న బండిని కొంటూ నాకేమీ తెలియదని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఇక అమ్మేది ఎవరన్నదే అసలు సంగతి. అన్నిటికంటే ప్రమాదకరమైనది, బండి యార్డులో ఉండగానే యజమాని వచ్చి, నాకు ఇంత ఇవ్వండి, యార్డు బకాయి కట్టుకుని బండి తీసుకువెళ్లండి అని చెప్పే బేరం. ధర తక్కువగా ఉండడం వల్ల ఇది ఆకర్షిస్తుంది గానీ, ఆ తగ్గింపు వెనుక బ్యాంకు బాకీ మొత్తం దాగి ఉంటుంది. యార్డువారు సాధారణంగా రికార్డులో ఉన్న యజమానికో, అతని అధికారపత్రం ఉన్నవారికో, రుణదాతకో మాత్రమే బండి అప్పగిస్తారు కాబట్టి, చేతిలో అమ్మకం కాగితం ఒక్కటే పట్టుకుని వెళితే గేటు దగ్గరే ఆగిపోయే అవకాశం ఉంది. బకాయి కట్టి బయటకు తెచ్చినా, మరుసటి నెల బ్యాంకు ఏజెంటు వచ్చి బండిని తీసుకువెళితే మీకు మిగిలేది అమ్మినవాడి మీద దావా వేసే హక్కు. బ్యాంకు కిస్తీలే కట్టలేకపోయినవాడి దగ్గర మీ సొమ్ము తిరిగి రాబట్టడం ఎలాగో మీరే ఆలోచించండి.

యార్డు నిర్వహించే వేలం దీనికంటే మెరుగే, అయితే నోటీసులు సక్రమంగా వెళ్లినప్పుడే. చాలా చోట్ల చట్టం అమ్మకానికి ముందు యజమానికీ, రికార్డులో ఉన్న రుణదాతకూ నోటీసు ఇవ్వాలంటుంది. నోటీసు అందని బ్యాంకు ఆ అమ్మకాన్నే సవాలు చేయవచ్చు. అందుచేత వేలానికి ముందు నోటీసు ప్రతి, పంపినట్టు రుజువు అడగండి. వేలం షరతుల్లో "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట బండి స్థితి గురించే అనుకుని చాలామంది దాటవేస్తారు. దాని కిందనే, హక్కు విషయంలో ఎటువంటి హామీ లేదన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. నా దృష్టిలో ఆ వాక్యం ఉన్న వేలంలో పాట పాడే ముందు తాకట్టు రికార్డు చూడడం తప్పనిసరి. ప్రమాదాల చరిత్ర చెప్పే నివేదిక మచ్చ లేకుండా ఉన్నంత మాత్రాన లోన్ లేదని అర్థం కాదు.

రుణదాత స్వయంగా అమ్మితే కొంత నిశ్చింత. అక్కడ కూడా, అమ్మిన రుణదాత తాకట్టు, దానికి వెనుక వరుసలో ఉన్నవి తొలగుతాయి గానీ, ముందు వరుసలో ఉన్న తాకట్టు అమెరికా చట్టం ప్రకారం బండి మీదే నిలిచి ఉంటుంది.

క్రిమినల్ కేసులో పట్టుబడిన బండి సంగతి వేరు. కోర్టు బాండు మీద తాత్కాలికంగా విడిపించుకున్న బండిని అమ్మకూడదనీ, అడిగినప్పుడు హాజరుపరచాలనీ షరతు ఉండవచ్చు. విడుదల ఉత్తర్వు మొత్తం చదవకుండా అటువంటి బండికి అడ్వాన్సు ఇవ్వకండి. యజమాని దివాలా పిటిషన్ వేసి ఉంటే మరో చిక్కు. అమెరికాలో ఆ పిటిషన్ పడగానే, అతని ఆస్తిని తమ అదుపులోకి తెచ్చుకునే చర్యలను అప్పులవారు చేపట్టకుండా చట్టం నిషేధిస్తుంది. షికాగో నగరం జరిమానాల కోసం పట్టి ఉంచిన బండ్ల కేసులో, దివాలా పిటిషన్ తరువాత కూడా బండిని ఊరికే పట్టి ఉంచడం దివాలా చట్టంలోని ఆ నిషేధ నిబంధనను ఉల్లంఘించినట్టు కాదని అమెరికా సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. ఆ తీర్పు పట్టి ఉంచడానికే పరిమితం, అమ్మేయడానికి అనుమతి కాదు.

అయినా కొనాలనుకుంటే, సొమ్మును యజమాని చేతికి ఇవ్వకుండా మూడు వైపులా ఒకేసారి లెక్క తేల్చండి. ఏ తేదీదాకా చెల్లుతుందో రాసి ఉన్న బాకీ లెక్కను బ్యాంకు నుంచి నేరుగా తీసుకుని, ఆ మొత్తం బ్యాంకు ఖాతాకే కట్టి, తాకట్టు వదులుకుంటున్నట్టు పత్రం పుచ్చుకుని, యార్డు రుసుము తీర్చి, మిగిలినది యజమానికి ఇవ్వండి. మొత్తం కలిపితే మార్కెట్ ధర దాటిందంటే ఆ బేరం వదిలేయడమే మేలు.

ఇప్పటికే కొనేసినవారు ఖరీదైన రిపేర్లు ఆపండి. బండిని రుణదాత స్వాధీనం చేసుకుంటే ఆ ఖర్చు సాధారణంగా తిరిగి రాదు. బండిని దాచిపెట్టకండి, కొన్ని చోట్ల అది నేరం కూడా అవుతుంది. చెల్లింపు రసీదులు, వేలం షరతులు, విడుదల పత్రం ఒకచోట పెట్టుకుని, రుణదాతకు రాతపూర్వకంగా ఏమి పంపాలో న్యాయవాదిని అడిగి నిర్ణయించుకోండి.