క్యాసెట్ చివరి నాలుగు నిమిషాలు

మావయ్య: శ్రోతలందరికీ నమస్కారం. విశాఖలో పొద్దుటి నుంచీ వాన కురుస్తోంది, డాబా రేకుల చప్పుడు మధ్యమధ్య వినిపిస్తే మన్నించండి. నేరుగా విషయానికి వస్తాను. 1979లో వీడ్కోలు చెప్పేసిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఇంగ్లండు జానపద రాక్ సంగీత బృందాన్ని అభిమానులు ఇన్నేళ్ళుగా ఎలా నిలబెట్టుకున్నారన్నది ఈరోజు మన అంశం.

మేనకోడలు: వాళ్ళ బృందంలోని డేవ్ స్వార్‌బ్రిక్ వయొలిన్ గురించి మాట్లాడకుండా ఆ అంశం పూర్తికాదు, మావయ్యా.

మావయ్య: దాని దగ్గరికీ వస్తాం తల్లీ, కాస్త ఆగు. 1979 ఆగస్టు 4న వాళ్ళు పగలు నెబ్‌వర్త్‌లో లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం పాడిన వేదిక మీదే వాయించి, సాయంత్రానికి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రాప్రెడీ అనే పల్లెకు చేరుకుని అక్కడి పొలంలో చివరి కచేరీ చేశారు. ఆ వీడ్కోలు కచేరీల రికార్డు వేయడానికి ఏ కంపెనీ ముందుకు రాకపోతే సభ్యులే వుడ్‌వర్మ్ పేరుతో సొంత సంస్థ పెట్టుకుని విడుదల చేశారు. జనం మాత్రం వాళ్ళను వెళ్ళనివ్వలేదు. ఏటా ఆగస్టులో కలుసుకోవడం ఆనవాయితీ అయింది, అదే పెరిగి మూడు రోజుల ఉత్సవమైంది. శనివారం రాత్రి ‘మీట్ ఆన్ ది లెడ్జ్’ పాటను బృందంతో కలిసి పొలమంతా పాడితేనే అది ముగుస్తుంది.

మేనకోడలు: 1999లో స్వార్‌బ్రిక్ ఆస్పత్రిలో ఉండగానే ఒక లండన్ దినపత్రిక ఆయన పోయారని సంస్మరణ వ్యాసం అచ్చువేసింది. అభిమానులూ తోటి కళాకారులూ ఆయన కోసం కచేరీలు జరిపి నిధులు పోగుచేశారు. 2004లో ఆయనకు ఊపిరితిత్తుల మార్పిడి జరిగింది, ఆ తరువాత మళ్ళీ వయొలిన్ పట్టి 2016 దాకా జీవించారు. నిలబెట్టుకోవడమంటే నా దృష్టిలో అది.

మావయ్య: అందులో నాకు భేదాభిప్రాయం లేదు. అయితే ఆ బృందంలో వినేవాడికీ వాయించేవాడికీ మధ్య గోడ మొదటి రోజు నుంచీ లేదు. 1967 మే నెలలో లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్‌లో ఒక చర్చి హాలులో వాళ్ళ మొదటి కచేరీ జరిగినప్పుడు మార్టిన్ లాంబుల్ అనే కుర్రవాడు శ్రోతల్లో ఉన్నాడు. డ్రమ్స్ తాను ఇంతకంటే బాగా వాయించగలనని చెప్పి ఒప్పించాడు, తరువాతి కచేరీకల్లా బృందంలో ఉన్నాడు.

మేనకోడలు: రెండేళ్ళకే పోయాడు.

మావయ్య: 1969 మే 12న. బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకుని తిరిగి వస్తుండగా ఎం1 రహదారి మీద వ్యాను పల్టీకొట్టింది. అతనితో పాటు బృందంలో గిటార్ వాయించే రిచర్డ్ థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ కూడా పోయింది. మార్టిన్‌కు పందొమ్మిదేళ్ళు. నేను ఓడ మీద ఇంజిన్ రూములో చేరిన వయసూ అదే, అందుకే ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

మేనకోడలు: కాసిని నీళ్ళు తాగండి మావయ్యా.

మావయ్య: ఆ దుఃఖం తరువాత వాళ్ళు పాత పాటలు పాడలేకపోయారు. ఆ వేసవిలో హాంప్‌షైర్‌లోని ఫార్లీ చేంబర్లేన్ అనే ఊళ్ళో ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని, ఇంగ్లండు జానపద గాథలకు గిటారూ డ్రమ్సూ కలిపి ‘లీజ్ అండ్ లీఫ్’ ఆల్బమ్‌ను సిద్ధం చేసుకున్నారు. బేస్ గిటార్ వాయించే ఆష్లీ హచింగ్స్ లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ అనే జానపద సంగీత కేంద్రం గ్రంథాలయంలో కూర్చుని పాటలు వెతికాడు. గాయని శాండీ డెనీ గొంతు, నీ స్వార్‌బ్రిక్ వయొలిన్, ఆ డిసెంబరులో రికార్డు విడుదల.

మేనకోడలు: చాలాకాలంగా నా మనసులో ఉన్న మాట ఇక్కడ చెప్పాలి. పల్లెవాళ్ళ నోట పుట్టిన పాట పుస్తకానికి, పుస్తకం నుంచి రికార్డుకు చేరేసరికి దాని పక్కన ‘సంప్రదాయ గీతం’ అన్న మాట మాత్రమే మిగులుతుంది. పాడిన మనిషి ఎక్కడికి పోయింది? తప్పెటగుళ్ళు, జముకుల కథ లాంటి మన జానపద కళలు మన కళ్ళముందే సన్నగిల్లుతుంటే మనం ఇంగ్లండు బృందం పాటలు వినడానికి ఆగస్టు ఆగస్టుకూ ఈ డాబా మీద చేరుతున్నాం.

మావయ్య: మన డాబా మీద ఒక్క ఇంగ్లండు పాటే వినిపిస్తోందా? మన షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావుగారు 2020లో అదే ఆగస్టు 4న కన్నుమూసినప్పటి నుంచీ మన సమావేశంలో రెండో సగమంతా ఆయన పాటలే కదా. కరెంటు వాద్యం తగిలితే జానపదం చెడుతుందని నువ్వంటే మాత్రం నేను ఒప్పుకోను.

మేనకోడలు: ఆ మాట నేను ఎన్నడూ అనలేదు. వయొలినే మనకు పరాయి వాద్యం. బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో నేర్పి, ఒంటరిగా కచేరీ చేయగల స్థాయికి దాన్ని తీసుకెళ్ళారు. వాద్యం మారడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, నేను అడుగుతున్నది పేరు గురించి.

మావయ్య: పేరు రాసుకున్నవాళ్ళూ ఉన్నారమ్మా. 1903లో సోమర్సెట్‌లోని హాంబ్రిడ్జ్‌లో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి గడ్డి కోస్తూ పాడుతుంటే సెసిల్ షార్ప్ విని రాసుకున్నాడు. ఆయన సేకరణ అంతా ఆ ఒక్క పాటతో మొదలైంది, తోటమాలి పేరు ఇప్పటికీ నిలిచి ఉంది.

మేనకోడలు: షార్ప్ తోటమాలి పేరు రాసుకున్నాడు, మీరు అమ్మమ్మ పేరు రాయలేదు.

మావయ్య: ...

మేనకోడలు: శ్రోతల్లో చాలామంది ఇళ్ళలో ఆ క్యాసెట్ కాపీ ఉంది కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను. ఓడలో మీ సహోద్యోగి దగ్గరున్న ‘లీజ్ అండ్ లీఫ్’ రికార్డు నుంచి మీరు తొంభై నిమిషాల క్యాసెట్ మీదకు ఎక్కించుకున్నారు. ఆల్బమ్ మొత్తం ఒక పక్కకే సరిపోగా చివర నాలుగు నిమిషాలు మిగిలాయి. 1984లో సెలవుకు వచ్చినప్పుడు భీమిలి దగ్గరి మన ఊళ్ళో ఆ మిగిలిన జాగాలో అమ్మమ్మ దంపుళ్ళ పాట రికార్డు చేశారు. ఆ క్యాసెట్ నుంచి ఊళ్ళో ఎన్ని కాపీలు తీశారో లెక్కలేదు. ఫెయిర్‌పోర్ట్ అంటే మన వాళ్ళకు ఆ పాటలూ, వాటి వెనకే అమ్మమ్మ రోకలి పోటూ. ఒక్క కాపీ లేబుల్ మీదైనా ఆవిడ పేరుందా?

మావయ్య: లేదు. ఆకుపచ్చ సిరాతో బృందం పేరు, ఆల్బమ్ పేరు, ఏడాది రాశాను. కింద గీత ఖాళీగానే ఉండిపోయింది.

మేనకోడలు: మిమ్మల్ని నొప్పించాలని అనలేదు.

మావయ్య: నొప్పి కలిగింది, కలగనీ. నాకప్పుడు పేరు రాయాలన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే నాకు అది పాటగా కాక అమ్మ పనిగా వినిపించేది. తెల్లవారుజామున వసారాలో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి దంపుతుంటే, ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది పడుతుంది, ఆ రెండు పోట్ల మధ్య ఊపిరి తీసుకునేంత సందులో మాట ఇమడాలి. ఇంజిన్ రూము పక్క గదిలో శాండీ డెనీ పాట విన్న రాత్రి, ఎవరో ఊరివాళ్ళ పాటను ఇంత శ్రద్ధగా పాడుతున్నారే అనిపించి, అమ్మ పాడేదీ పాటేనని మొదటిసారి తెలిసింది. ఆ బృందం నాకు చేసిన మేలు అది. నువ్వు దాన్ని పరాయిదంటే నాకు కష్టంగా ఉంటుంది.

మేనకోడలు: నాకూ పరాయిది కాదు మావయ్యా. ఆ నాలుగు నిమిషాలు వయొలిన్ మీద పట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. స్వార్‌బ్రిక్ విల్లును తీగ మీద కుదించి కొట్టే పద్ధతి విన్నాక గానీ రోకలి పోటు నా చేతికి రాలేదు. పాఠంలో నేర్చుకున్న నిడివైన కమాను అక్కడ పనికిరాలేదు.

మావయ్య: ఆ సొరుగులో కలం ఉంటుంది, ఇలా ఇవ్వు. అమ్మ పేరు నోటితో పలకడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు, రాస్తాను. కాపీలున్నవాళ్ళు మాకు జాబు పంపితే అందరికీ రాసి పంపుతాం, మీ లేబుళ్ళ మీదా రాసుకోండి.

మేనకోడలు: రెండో చరణంలో వదినను పిలిచే మాట దగ్గర టేపు అయిపోతుంది. ఆ తరువాత ఏముందో ఇప్పటికైనా చెప్పండి.

మావయ్య: మూడో చరణం ఉంది. చేట గురించి వస్తుంది. చేట, నూకలు, ఆ తరువాత... ఒక్క నిమిషం ఆగు, రోకలి చప్పుడు లేకపోతే మాట రావడం లేదు. బల్ల మీద నువ్వు ఆ పక్క నుంచి కొట్టు, నేను ఈ పక్క నుంచి కొడతాను.

మేనకోడలు: ఇలాగేనా?

మావయ్య: ఇంకా నెమ్మదిగా, వడ్లు తడిగా ఉన్నాయనుకో.